మా అత్తమ్మ కాలూ, నా నడుమూ

మా వీధిలో ఎవరికైనా నడుము పట్టేస్తే ముందు దవాఖానకు పోరు, మా ఇంటికి వస్తారు. మా అత్తమ్మ ఈరమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందు బయటికి వచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుము విడుస్తుందని మా వైపు నమ్మకం. పొద్దున్నే ఎవరో ఒకరు నడుము మీద చెయ్యి పెట్టుకుని వంకరగా గడపలో నిలబడతారు. అత్తమ్మ చేతిలో పని పక్కన పెట్టి, వాళ్లను చాప మీద బోర్లా పడుకోబెట్టి, ఎడమ కాలి మడమతో మూడుసార్లు మెల్లగా తాకిస్తుంది. "పో, ఇగ ఎన్కకు జూడకు" అంటుంది. ఆమెకు దండం పెట్టకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఇస్తే కాలికున్న గుణం పోతుందట. కోడలిగా వచ్చిన కొత్తలో ఇదంతా చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఒకరోజు ఇన్‌షర్టు వేసుకున్న బ్యాంకు మేనేజరు కూడా వచ్చి చాప మీద బోర్లా పడుకున్నాడు. అప్పటి నుంచి నవ్వడం మానేశాను.

నా పేరు సంగమ్మ. పుట్టిల్లు సరిహద్దు అవతల, నారాయణఖేడ్ దగ్గర. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అత్తవారిది ఇవతల, కర్ణాటకలోని చిమ్కోడ్. అక్కడ కాస్త పొలం ఉంది, కాపురం మాత్రం బీదర్‌లో. అత్తమ్మా నేనూ జొన్న రొట్టెలు చేస్తాం. మా ఆయన నర్సింలు వాటిని ట్రాలీ ఆటోలో హోటళ్లకూ, మెస్‌లకూ చేరవేస్తాడు. రొట్టె అంటే చేతుల పని అనుకుంటారు చాలామంది. కాదు, నడుము పని. పొయ్యి ముందు నేల మీద ఒక కాలు మడిచి ఒక కాలు చాపి కూర్చోవాలి, పెంక మీదికి వంగాలి, పిండికి లేవాలి, మళ్లీ కూర్చోవాలి. కూర్చోలేని మనిషికి మా ఇంట్లో పనేముంది? ఈ మాట అప్పుడు నన్నెవరూ అనలేదు, నేనే అనుకున్నాను. అందుకే అంత భయపడ్డాను.

శ్రావణ మాసంలో మొదలైంది. పండుగల ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పిండి డబ్బాను పక్కకు జరపడానికి వంగాను, వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. అదే సమయానికి రొట్టెల కోసం ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. నేను ఆయనకు దండం పెడుతున్నాననుకుని "బతుకు బిడ్డా, సల్లగుండు" అని దీవించాడు. నేను అలాగే ఉండిపోతే మరోసారి దీవించాడు. నొప్పితో కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వాగలేదు, నవ్వితే నొప్పి ఇంకా ఎక్కువైంది.

ఇంట్లోనే వైద్యం ఉండగా బయటికి ఎందుకు పోతాం? అత్తమ్మ ఆ పూటే కాలు తాకించింది. తగ్గలేదు. మర్నాడు తాకించింది, తగ్గలేదు. ఊరందరి నడుములూ విడిపించిన మనిషికి సొంత కోడలి దగ్గర పరువు పోయినట్టయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, మా అత్తమ్మది తిరగబడిన సామెత.

"ఇంటి పిల్లవని నా కాలు ఎన్కముందాడుతాంది సంగవ్వా" అంది దిగులుగా.

"గట్లయితే జర గట్టిగ తొక్కు అవ్వా" అన్నాడు మా ఆయన. "అందరికి తాకిచ్చినట్టు కోడలికి తాకిస్తె ఎట్ల? మనదాన్ని మనం మంచిగ జూస్కోవద్దా?"

ఇలాంటి తప్పు మేమే చెయ్యగలం. బయటివాళ్లకు మూడు తాకిళ్లు చాలు, ఇంటి మనిషికి మాత్రం ప్రేమకొద్దీ మొత్తం బరువు! నేనూ కాదనలేదు. "తొక్కు అత్తమ్మా, పని ఆగుతాంది" అన్నాను. అత్తమ్మ గోడకున్న మేకు పట్టుకుని నా నడుము మీద రెండు కాళ్లతో నిలబడింది. లోపల ఏదో జరిగినట్టయి, నొప్పి పిరుదు నుంచి అరికాలి దాకా తీగలా పాకింది. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీది నుంచి తొంగిచూశారు. అత్తమ్మ దిగి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ముఖం నాకు కనబడలేదు, "అయ్యో, అయ్యో" అనడం మాత్రం వినబడింది.

భాద్రపదంలో దవాఖానల తిరుగుడు మొదలైంది. ఎడమ కాలు గుంజడం, బొటనవేలు మొద్దుబారడం. ఎముకల డాక్టరు దగ్గర బెంచీల మీద చోటున్నా నేను కూర్చోలేకపోయాను. నిలబడే ఉన్నాను. కిటికీ దగ్గర సంతపూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయనా నాలాగే నిలబడి ఉన్నాడు.

"నువ్వు గూడ నిలవడె పార్టీయేనా బిడ్డా?" అని అడిగాడు.

"అవును తాతా, కూసుంటె పానం పోతాంది."

"రా, గీ కిటికి పట్టుకో, మంచిగ గాలొస్తది. నేను గోడకు ఆనుకుంట. కూసునెటోళ్లను కూసోనియ్యి, మన పార్టీ ఎన్నడన్న గెలుస్తది."

పేరు పిలిచేదాకా ఆ తాత తన జొన్న చేను గురించీ, అడవి పందుల గురించీ చెబుతూనే ఉన్నాడు. నా చెమట చూసి కండువాతో విసిరాడు కూడా. తర్వాత ఆయన్ను మళ్లీ చూడలేదు. ఆయన నడుము బాగుపడి ఉంటుందని అనుకుంటూ ఉంటాను.

డాక్టరు స్కానింగు చూసి, వెన్నుపూసల మధ్య మెత్తటి గుజ్జు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. "ఎవరైనా తొక్కారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, నాతో వచ్చిన అత్తమ్మ వెనకనుంచి అంది: "నేనే తొక్కిన సారూ."

ఆయన కోప్పడలేదు. ఆ గుజ్జు ముందే బలహీనపడి ఉంటుందనీ, కాలు వల్లే అయిందని ఎవరూ చెప్పలేరనీ అన్నాడు. ఇకమీదట ఎవరూ దాన్ని తొక్కకూడదనీ, మెలితిప్పకూడదనీ అన్నాడు. ఇప్పటికైతే ఆపరేషన్ వద్దు, మాత్రలు వాడి చూద్దాం అన్నాడు. కాలు పూర్తిగా బలం తప్పినా, మూత్రం ఆగిపోయినా ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకుండా రావాలని గట్టిగా చెప్పాడు. అత్తమ్మ ఇందులో "తొక్కకూడదు" అన్న ఒక్క మాటే విన్నది.

ఆ రోజు నుంచి ఆమె కాలు దాచేసుకుంది. గడపలోకి ఎవరైనా వంకరగా వస్తే, "నా కాలికి గుణం లేదు, దవాఖానకు పోండ్రి" అని పంపేసేది. నేను పడుకున్న చాప దరిదాపుల్లోకి వచ్చేది కాదు. వంటింట్లోకి పోవాలంటే గోడ వెంబడి చుట్టు తిరిగి పోయేది. ఆమె పాదం పొరపాటున నా చాప అంచుకు తగిలినా నిప్పు తొక్కినట్టు వెనక్కి లాక్కునేది. "ఏంగాదు అత్తమ్మా" అంటే పలికేది కాదు. ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుని, చేతనైనన్ని రొట్టెలు చేసి, అన్నం సరిగ్గా తినకుండానే పడుకునేది. నా నొప్పి కన్నా ఆమె మౌనం నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

మా ఆయన సాయం చేద్దామని పీట ముందు కూర్చున్నాడు. ఆయన చేసిన మొదటి రొట్టె మహారాష్ట్రలా వచ్చింది, రెండోది ఏ రాష్ట్రమో చెప్పలేం. ఇల్లంతా పిండి. "గింత మెత్తటి పిండి గింత మొండిగ ఎట్లుంటదే?" అని నా మీదే అరిచాడు. నేనూ తిరిగి అరిచాను. ఒక హోటలు వాళ్లు వేరే చోట రొట్టెలు మాట్లాడుకున్నారు. ఆ పొద్దు నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. నలభై దాటీ దాటకముందే నన్ను ఒకరు కూర్చోబెట్టి ఒకరు లేపాలేమో అని భయం. అత్తమ్మ తన కాలే నన్ను మంచాన పడేసిందనుకుంటూ చచ్చిపోతుందేమో అని ఇంకో భయం. ఈ రెండో భయం ఎవరికీ చెప్పలేదు.

దసరా ముందు మా ఆయన ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. ఎవరో బలమైన మనిషి ఇంకెవరి మెడనో పట్టుకుని తిప్పుతాడు, టకటకమని చప్పుడు వస్తుంది, తిప్పించుకున్నవాడు నవ్వుతూ లేస్తాడు. అలా చేతులతో వెన్ను సర్దే ఒకాయన ఊళ్లోకి వచ్చాడని తెలిసి నన్ను తీసుకుపోయాడు. పరదా ఇవతల మేము, అవతల ఆయన. కాసేపటికి లోపలి నుంచి కడక్ రొట్టె విరిచినట్టు ఫటాఫట్ చప్పుడు. బయటికి వచ్చినావిడ నిజంగానే నవ్వుతూ వచ్చింది, "మస్తు ఆరాం అయింది" అంది కూడా. అయినా డాక్టరు మెలితిప్పవద్దన్న మాట నా చెవిలో ఉంది, ఆ చప్పుడు నా ఎముకల్లో ఉంది. నా పేరు పిలవగానే లేచి గబగబా బయటికి నడిచాను. కాలు ఈడ్చుకుంటూనే ఎంత వేగంగా పోయానంటే, మా ఆయన ఆటో దగ్గరికి వచ్చి రొప్పుతూ "లంగిచ్చుకుంట గూడ గింత ఉరుకుతవా? ఇగ నీకు దవా ఎందుకే?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం.

ఈ సంగతి ఎముకల డాక్టరుకు చెబితే ఆయనా నవ్వి, స్వప్న మేడం దగ్గరికి పంపాడు. ఆమెది సంగారెడ్డి. భర్త ఉద్యోగం వల్ల బీదర్ వచ్చి, రెండు గదుల్లో ఫిజియోథెరపీ నడుపుతోంది. ఈసారి నేను పట్టుబట్టి అత్తమ్మను కూడా తీసుకుపోయాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

మేడం స్కానింగు చూసింది, కాళ్లు ఎత్తించి చూసింది, వేళ్ల బలం చూసింది. తర్వాత సొరుగులోంచి ఒక పరికరం తీసింది. నాకైతే అచ్చం గ్యాస్ లైటర్‌లాగే కనబడింది. కొసకు రబ్బరు బొడిపె, వెనక నొక్కడానికి పిడి, లోపల స్ప్రింగు. నా అరచేతిలో పెట్టి ఒకసారి నొక్కింది. టిక్. ఎవరో చిటికెన వేలితో తట్టినట్టు ఉంది, అంతే.

"గింతేనా మేడం?" అన్నాడు మా ఆయన. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంది ఆయన ముఖం.

"గింతే అన్నా. చేతులతోని చేసుడు తప్పని నేననను, తెలిసినోళ్లు చేస్తే మంచిగనే ఉంటది. గని అక్క భయానికి కట్టె లెక్క బిగుసుకుంటాంది. బిగుసుకున్న నడుమును తిప్పుడు మంచిది గాదు. దీనితోని తిప్పుడు లేదు, గుంజుడు లేదు. తగిలిందని తెలిసేలోపల్నే అయిపోతది."

గుమ్మం దగ్గర నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. "బిడ్డా, అది నాకొకపారి జూపియ్యి."

మేడం ఆమెను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె కాలి వైద్యం సంగతి మేడానికి నేను అప్పటికే చెప్పేశాను. మేడం ఏమీ తెలియనట్టే అత్తమ్మ అరచేతి మీద టిక్కుమనిపించింది. అత్తమ్మ రెండో చెయ్యి కూడా చాపింది. మళ్లీ టిక్.

"మీరు గూడ అందరికి మెల్లగనే తాకిస్తరంట గద అమ్మా?" అంది మేడం.

"మెల్లగనే తాకిస్తుంటి బిడ్డా. దీనికొక్కదానికే ఒంటి బరువంత పెట్టిన. నాదని పెట్టిన." అంటూనే అత్తమ్మ ఏడ్చేసింది. శ్రావణం నుంచి ఆపుకున్నదంతా ఆ కుర్చీలో బయటికి వచ్చింది. మేడం పరికరం పక్కన పెట్టి ఆమె చేతులు పట్టుకుని కూర్చుంది. బయట ఇంకా ముగ్గురు ఎదురుచూస్తున్నారు, అయినా తొందరపెట్టలేదు. ఈ ఒక్క పనికే ఆమెకు నేను జీవితాంతం రొట్టెలు పెట్టొచ్చు.

పడుకున్న నా నడుముకు రెండు పక్కలా, పిరుదు దగ్గర, టిక్ టిక్ మని నాలుగైదు చోట్ల తాకించింది. అయిపోయింది. లేచి చూస్తే నొప్పి అలాగే ఉంది. నాకు కోపం వచ్చింది, గ్యాస్ లైటర్‌తో పొయ్యి వెలుగుతుంది గానీ మనిషి వెలుగుతుందా అనిపించింది. రెండోసారి వెళ్లివచ్చిన రోజు మాత్రం చాలా కాలానికి పక్క తిరిగి నిద్రపోయాను. మూడోసారికి పాదంలో తిమ్మిరి కాస్త పైకి జరిగినట్టు, అంటే వదులుతున్నట్టు అనిపించింది.

ఇక్కడ ఒక మాట. ఆ టిక్కే నన్ను బాగు చేసిందని ఒట్టు పెట్టమంటే పెట్టను. మాత్రలున్నాయి, మేడం నేర్పిన వ్యాయామాలున్నాయి, బీదర్ కోట దాకా పొద్దున్నే నడక ఉంది, రోజులు గడవడం కూడా ఉంది. ఏది ఎంత పని చేసిందో ఎవరు తూచి చెబుతారు? మేడమే చెప్పింది, "నేను దారి ఇడిపిస్త అక్కా, నడిచేటిది నువ్వే" అని. ఆ టిక్ నాకు ఇచ్చిందేమిటంటే, ఎవరైనా నడుము ముట్టుకుంటే బిగుసుకుపోయే భయం పోయింది. భయం పోయాక వ్యాయామాలు చెయ్యగలిగాను. మీలో ఎవరికైనా కాలు గుంజుతుంటే ముందు డాక్టరుకు చూపించండి, ఎంత ప్రేమ ఉన్నవాళ్లనైనా నడుము ఎక్కనివ్వకండి.

కార్తీకంలో ఒకరోజు తుమ్మాను. ఒక్క తుమ్ము. మూలిగే నక్క మీద తాటిపండు పడినట్టు నడుము మళ్లీ పట్టేసింది. రెండు నెలల కష్టం పోయిందని గొల్లుమన్నాను. మేడం నిదానంగా, "గిట్ల పైకి కిందికి అయితనే ఉంటది, ఫికర్ జెయ్యకు" అంది. నిజంగానే వారంలో సర్దుకుంది. మా ఆయన ఎత్తు బల్ల ఒకటి చేయించి, గ్యాస్ పొయ్యి దాని మీద పెట్టి, నిలబడి రొట్టె చేసే ఏర్పాటు చేశాడు.

"నిలవడి రొట్టె జేస్తరా ఎవరన్న? కొట్లాటకు పోయినట్టుంటది" అంది కింద కూర్చున్న అత్తమ్మ.

"కొట్లాటే అత్తమ్మా, నాకూ నడుముకూ."

ఆమె పెదవి కాస్త విచ్చుకుంది. అలా పైన నేను, కింద ఆమె, రెండు పీటల మీద చప్పుడు మళ్లీ మొదలైంది. కానీ ఆమె ఇంకా నా పక్కనుంచి నడవాలంటే చుట్టు తిరిగే పోయేది. కోట దాకా నడకకు నాతో వచ్చేది, పది అడుగులు వెనక. నేను మళ్లీ నేల మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచేదాకా ఆ దూరం తగ్గదని నాకు అర్థమైంది. మేడాన్ని అడిగాను. పక్కకు తిరగడం, చెయ్యి ఆనించడం, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు, అలా లేచే పద్ధతి చిన్న పీట మీది నుంచి నేర్పింది. "నేల మీద గూడ జేసి చూడొచ్చు ఇగ. నొస్తే ఆపెయ్యాలె, పట్టుదలకు పోవద్దు" అంది.

ఎళ్ల అమావాస్య వచ్చింది. మా బీదర్ వైపు ఆ రోజు ఎవరూ ఇంట్లో తినరు. వంటంతా గంపల్లో సర్దుకుని పొలానికి పోయి, జొన్న చేల మధ్య అయిదు రాళ్లు పెట్టి పాండవులని పూజ చేసి, చుట్టాలందరూ నేల మీద వరసగా కూర్చుని, పచ్చి గింజలూ ఆకుకూరలూ కలిపి వండే భజ్జీ, సజ్జ రొట్టె, జొన్న రొట్టె తింటారు. ఆర్డర్లన్నీ ముందురోజే ఇచ్చేసి మేమూ చిమ్కోడ్ పొలానికి పోయాం. జొన్న నడుము దాటి పెరిగి ఉంది, శనగ పూతకొచ్చింది. మా ఆయన ట్రాలీలో నా కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. వరస పక్కన దాన్ని వేస్తే, పెళ్లికొచ్చిన ఎమ్మెల్యేకు వేసినట్టుంది.

"గది నాకొద్దు" అన్నాను.

"గమ్మున కూసో, పండుగ పూట ఆగం జెయ్యకు."

నేను వినలేదు. మెల్లగా మోకాళ్ల మీదికి దిగి, పక్కకు ఒరిగి, చుట్టాల మధ్య నేల మీద కూర్చున్నాను. నొప్పి లేదు. మట్టి చల్లగా తగిలింది. అందరూ నా వైపు తిరిగారు. నేను ఏమీ పట్టనట్టు రొట్టె తుంచి భజ్జీలో ముంచుకుని తిన్నాను. నేను చేసిన రొట్టెలే, నిలబడి చేసినా రుచి మారలేదు. ఇంకో రొట్టె అడిగి తిన్నాను. సంతోషంతో కడుపు నిండినా తిన్నాను.

తినడం అయింది. ఇక లేవాలి. వరసలో అందరి చేతులూ విస్తర్ల మీదే ఆగిపోయాయి. మా ఆయన సాయానికి చెయ్యి చాపబోయి, నా ముఖం చూసి వెనక్కి తీసుకున్నాడు. పక్కకు తిరిగాను. చెయ్యి మట్టిలో ఆనించాను. ఒక మోకాలు. ఇంకో మోకాలు. ఎడమ పాదం నేలకు ఆనింది, నిలిచింది. లేచి నిటారుగా నిలబడ్డాను. మా ఆడబిడ్డ చప్పట్లు కొట్టింది, ఎవరో ఈల వేశారు, మా ఆయన కుర్చీని తల మీద పెట్టుకుని గంతులేశాడు. నవ్వుతూ అత్తమ్మ కోసం వెతికాను.

ఆమె వరస చివర కొంగు నోట్లో కుక్కుకుని, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది.

"అత్తమ్మా, లేచిన" అన్నాను.

కళ్లు తెరిచింది. నిలబడి ఉన్న నన్ను తల నుంచి పాదాల దాకా చూసింది. లేచి, గబగబా, ఈసారి చుట్టు తిరగకుండా విస్తర్ల మధ్యనుంచే నా దగ్గరికి వచ్చింది. నా పాదాల పక్కన తన పాదాలు పెట్టి నిలబడింది.

"బుగులుకు కండ్లు మూసుకున్న బిడ్డా, నేను జూడనే లేదు" అంది. "మల్లొకపారి కూసొని లేవవా?"

నేను మళ్లీ కూర్చున్నాను.